తోడు మనిషి

ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. ఆ పల్లెలో రాములమ్మ అనే తల్లి ఉందనుకుందాం. ఆమె కూతురు జ్యోతి. వయసు 19 ఏళ్ళు. టౌనులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఈ పేర్లు మనం పెట్టుకున్నవే. కానీ ఇలాంటి తల్లులు, ఇలాంటి పిల్లలు మన ఊళ్ళల్లో నిజంగానే ఉన్నారు.

సంక్రాంతి పండక్కి జ్యోతి ఇంటికి వచ్చింది. మునుపటి జ్యోతి కాదు. రాత్రిళ్ళు నిద్ర పోదు. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరుగుతుంది. తల దువ్వుకోదు. స్నానం చెయ్యమంటే కసురుకుంటుంది. అన్నం పెడితే వాసన చూసి పళ్ళెం పక్కకి నెడుతుంది.

"ఇందులో ఏదో కలిపారు. నాకొద్దు" అంటుంది.

ఎవరూ లేని చోట ఎవరితోనో మాట్లాడుతుంది. ఉన్నట్టుండి చెవులు మూసుకుంటుంది. "టీవీలో నా గురించే చెప్తున్నారమ్మా. ఆపమను" అని ఏడుస్తుంది.

రాములమ్మకి భయమేసింది. ఇరుగు పొరుగు తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందని ఒకరు. చేతబడి అని ఒకరు. చదువు ఎక్కువై మతి పోయిందని ఇంకొకరు. జ్యోతి మేనమామ మాత్రం ఒకటే మాట. "పెళ్ళి చెయ్యక్కా. అదే తగ్గుద్ది."

తాయెత్తు కట్టించారు. గుళ్ళో నిద్ర చేయించారు. ఒక భూతవైద్యుడు వేపమండలతో కొట్టి ఐదు వేలు తీసుకున్నాడు. ఇలా మూడు నెలలు గడిచాయి. జ్యోతి ఎముకల గూడు అయింది.

ఆ ఊరి ఆశా కార్యకర్త ఒకరోజు గర్భిణీల పేర్లు రాసుకోడానికి ఆ వీధికి వచ్చింది. జ్యోతిని చూసింది. "ఇది గాలీ కాదు, ధూళీ కాదు పిన్నీ. జబ్బు. దీనికి మందుంది. రేపే పెద్దాసుపత్రికి పోదాం" అంది. రాములమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు మిరపకోత కూలీ మానుకుని కూతుర్ని తీసుకుని బస్సెక్కింది.

ఏమిటీ జబ్బు?

పెద్దాసుపత్రిలో మనసు జబ్బుల డాక్టరు గారు జ్యోతితో చాలాసేపు మాట్లాడారు. తర్వాత తల్లిని పిలిచారు.

"దీన్ని సైకోసిస్ అంటారమ్మా. మెదడులో వచ్చే తేడా. లేని మాటలు వినపడతాయి. లేనిపోని అనుమానాలు పుడతాయి. చూసే మనకి అబద్ధం. ఆ పిల్లకి మాత్రం అచ్చంగా నిజం."

"మా పెంపకంలో తప్పుందా బాబూ?"

"లేదమ్మా. మీ తప్పు కాదు. పిల్ల తప్పూ కాదు."

ఈ జబ్బు ఎక్కువగా పదహారు, పదిహేడు ఏళ్ళ నుంచి ముప్పై లోపు మొదలవుతుంది. అంటే చదువుకునే వయసు. పనిలో చేరే వయసు. పెళ్ళి మాటలు నడిచే వయసు. వంశంలో ఎవరికైనా ఉంటే వచ్చే అవకాశం కొంత ఎక్కువ. గంజాయి తాగే కుర్రవాళ్ళకీ ఎక్కువ. కానీ ఏ కారణం కనపడని ఇళ్ళల్లోనూ వస్తుంది.

మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఆలస్యమయ్యే కొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. అందుకే పోయిన ఆ మూడు నెలలు తల్చుకుంటే బాధ. రాములమ్మని తప్పు పట్టి లాభం లేదు. ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. ఆ భూతవైద్యుణ్ణి మాత్రం తప్పు పట్టాల్సిందే.

కొంతమందిని గొలుసులతో కట్టేస్తారు. తమిళనాడులో ఏర్వాడి అనే చోట దర్గా దగ్గర అలా కట్టేసి ఉంచేవాళ్ళు. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున పాకకి నిప్పంటుకుంది. గొలుసులు తెంపుకోలేక 28 మంది కాలిపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం జబ్బు మనిషిని గొలుసులతో కట్టడం నిషేధం. సర్కారు ఆసుపత్రిలో వైద్యం పొందడం హక్కు. దారిద్ర్య రేఖకి దిగువన ఉన్నవాళ్ళకి ఆ వైద్యం ఉచితం.

డాక్టరు గారు మాత్రలు రాశారు. రోజూ రాత్రి ఒకటి. "గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగయిందని మానెయ్యొద్దు. బాగయ్యాక కూడా కనీసం ఏడాది, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం వాడాలి" అన్నారు.

నాలుగు వారాలకి జ్యోతి అన్నం తింది. ఆరు వారాలకి మాటలు వినపడడం బాగా తగ్గింది.

కథ ఇక్కడితో అయిపోవాలి కదా? అవలేదు.

మాటలు తగ్గాయి. జ్యోతి మాత్రం మంచం దిగలేదు. కాలేజీ స్నేహితురాళ్ళు ఫోను చేస్తే ఎత్తలేదు. వీధిలోకి వస్తే పిల్లలు "పిచ్చి జ్యోతి" అన్నారు. తల్లి బుజ్జగించింది. తండ్రి కేకలేశాడు. డాక్టరు గారు నెలకోసారి పది నిమిషాలు చూస్తారు. ఆయన బయట వంద మంది లైనులో ఉంటారు. "ఎట్లా ఉందమ్మా?" అంటే "బాగుంది సార్" అంటుంది జ్యోతి. అంతే.

ఇంటికి రావాల్సిన మనిషి ఇంకొకరు ఉన్నారు.

సుజాత వచ్చింది

ఆ పెద్దాసుపత్రిలో తోడు మనుషుల ఏర్పాటు ఉందనుకుందాం. ఇది అన్ని ఆసుపత్రుల్లో లేదు. ఉండాలని అడగాల్సిన ఏర్పాటు. తోడు మనిషి అంటే నర్సు కాదు, డాక్టరు కాదు. ఒకప్పుడు అదే జబ్బు పడి, కోలుకుని, తర్వాత శిక్షణ తీసుకున్న మనిషి. ఇంగ్లీషులో పీర్ సపోర్ట్ వర్కర్ అంటారు.

ఆ మనిషి పేరు సుజాత. వయసు 27. వారంలో మూడు రోజులు ఆసుపత్రి పని. మిగతా రోజులు ఇంట్లో మిషను కుడుతుంది.

సుజాత వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. చాలాసేపు ఏమీ అడగలేదు. రాములమ్మ ఇచ్చిన టీ తాగింది. తర్వాత నెమ్మదిగా అంది.

"నాకు మా హెడ్మాస్టరు గొంతు వినపడేది. నీళ్ళు తాగితే చస్తావ్ అనేది. రెండు రోజులు తాగలేదు నేను."

జ్యోతి అటు తిరిగి పడుకుని ఉంది. ఇటు తిరిగింది.

"మీకా?"

"నాకే. నీ అంత వయసులో. నీకు ఎన్ని గొంతులు?"

"రెండు. ఒక మగాయన, ఒక ముసలామె. ఇప్పుడు ముసలామె ఒక్కతే. అప్పుడప్పుడు."

"ఏమంటది?"

"తిడతది."

"మా హెడ్మాస్టరు కూడా అంతే. బళ్ళో తిట్టింది చాలక."

జ్యోతి నవ్వింది. సంక్రాంతి తర్వాత ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. పొయ్యి దగ్గర ఉన్న రాములమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తల్లి అన్ని రోజులు బతిమాలినా చెప్పని మాట, కొత్త మనిషికి ఒక్క పూటలో చెప్పింది. ఎందుకు? తల్లికి చెప్తే భయపడుతుంది. డాక్టరుకి చెప్తే మాత్ర పెంచుతాడేమో. స్నేహితురాలికి చెప్తే నవ్వుతుంది. సుజాతకి చెప్తే "నాకూ అంతే" అంటుంది. ఆ మాట అనడానికి ఎంత చదువు చదివినా చాలదు. అనుభవించి ఉండాలి.

వెళ్ళేటప్పుడు సుజాత రాములమ్మకి ఒక సంగతి చెప్పింది.

"పిన్నీ, గొంతులు వినపడుతున్నాయి అంటే 'అంతా అబద్ధం, ఏం లేదు' అని వాదించొద్దు. దానికి నిజంగానే వినపడుతుంది. 'అవును, నాకూ వినపడింది' అని కూడా అనొద్దు. 'నీకు వినపడుతోంది, నాకు వినపడట్లేదు. భయంగా ఉందా? నేనున్నా' అను. చాలు."

ఇది కొత్త విషయమేం కాదు. పారిస్ నగరం దగ్గర 1790లలో బిసెత్ర్ అనే ఆసుపత్రి ఉండేది. అక్కడ పుస్సాన్ అనే ఉద్యోగి మనసు జబ్బుల వార్డు చూసేవాడు. జబ్బు తగ్గినవాళ్ళనే ఏరి అక్కడ పనికి పెట్టుకున్నాడు. వాళ్ళు రోగుల్ని కొట్టరని అతని అనుభవం. 1797లో అతనే అక్కడ గొలుసులు తీయించాడు. ఏర్వాడి మంటలకి 200 ఏళ్ళ ముందు సంగతి ఇది.

మన కాలంలో చాలా దేశాల్లో ఈ పని జరుగుతోంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలో 1992లో, కొత్తగా ఈ జబ్బు పడ్డ కుర్రవాళ్ళ కోసమే ఒక కేంద్రం పెట్టారు. అక్కడ కోలుకున్న యువకులు తర్వాత వచ్చేవాళ్ళకి తోడుగా పనిచేస్తారు. ఉగాండా దేశంలో బుటాబికా ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళిన వాళ్ళ దగ్గరికి, కోలుకున్నవాళ్ళు వెళ్ళి చూసి వచ్చారు. అది మనకంటే ఉన్న దేశమేమీ కాదు. మన దేశంలోనే గుజరాత్ సర్కారు ఆసుపత్రుల్లో 2014లో మొదలైన ఒక కార్యక్రమంలో, కోలుకున్నవాళ్ళని రోగులకి తోడుగా తయారుచేశారు.

దీనివల్ల లాభం ఉందా? ఇంగ్లండులో లెక్క తీశారు. 2018లో ఆ లెక్క అచ్చయింది. మనసు జబ్బు ముదిరి వైద్యం పొంది బయటికొచ్చిన 441 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి తోడు మనుషుల్ని ఇచ్చారు. రెండో గుంపుకి ఒక పుస్తకం మాత్రం ఇచ్చారు. ఏడాదిలో మళ్ళీ జబ్బు ముదిరి అత్యవసర వైద్యానికి వచ్చినవాళ్ళు పుస్తకం గుంపులో నూటికి 38 మంది. తోడు ఉన్న గుంపులో నూటికి 29 మంది. నూటికి తొమ్మిది మంది తేడా. జబ్బు మాయమైపోలేదు. కానీ ఆ తొమ్మిది మంది ఇళ్ళని అడిగితే తెలుస్తుంది ఆ తేడా ఏమిటో.

మాత్ర మానేసిన రోజులు

శ్రావణ మాసం వచ్చింది. జ్యోతి ఇంటి పని చేస్తోంది. సుజాత వచ్చినప్పుడల్లా చెరువు గట్టు దాకా ఇద్దరూ నడిచి వస్తున్నారు. అంతా సర్దుకుందని రాములమ్మ మళ్ళీ కూలికి పోతోంది.

ఒక సోమవారం సుజాత వచ్చేసరికి జ్యోతి కళ్ళ కింద నల్లగా ఉంది. మాట తొందరగా ఉంది.

"రాత్రి నిద్ర పట్టిందా?"

"పట్టింది."

"నాకు చెప్పకపోతే పోనీ. నాకు మాత్రం నిద్ర తగ్గిందంటే మళ్ళీ మొదలవుతోందని లెక్క. నాకు మొదట పోయేది నిద్రే."

జ్యోతి చాలాసేపు నేల చూసింది. ఆఖరికి చెప్పింది. మూడు నెలలుగా బయట చేరడం లేదు. అమ్మకి తెలిస్తే ఏమనుకుంటుందో. ఊళ్ళో తెలిస్తే ఏమంటారో. హాస్టల్లో ఉన్న పిల్ల కదా. భయపడి, మాత్రల వల్లేనేమో అని అనుమానం వచ్చి, పది రోజులుగా మాత్రని నాలుక కింద పెట్టుకుని తర్వాత పెరట్లో ఉమ్మేస్తోంది.

సుజాత కంగారు పడలేదు. "నాకూ ఆగిపోయింది జ్యోతీ. ఐదు నెలలు. కొన్ని మాత్రలకి అట్లా అవుద్ది. డాక్టరు వేరే మాత్రకి మారుస్తాడు. కానీ చెప్పకుండా మానెయ్యకూడదు. చెప్పాల."

"ఆయన మగాయన అక్కా."

"నేను పక్కన కూర్చుంటా. నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తా. మీ అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చదవండి. సుజాత నేరుగా వెళ్ళి రాములమ్మకి చెప్పేయలేదు. జ్యోతిని అడిగింది. జ్యోతి ఒప్పుకున్నాకే చెప్పింది. తోడు మనిషి పనిలో ఇది పెద్ద నియమం. విన్నది ఊళ్ళో మొయ్యకూడదు. ఒక్క సంగతికి మాత్రం మినహాయింపు. చచ్చిపోవాలని ఉందన్నా, ఎవర్నైనా ఏమైనా చేస్తానన్నా, వెంటనే ఇంట్లోవాళ్ళకీ ఆసుపత్రికీ చెప్పాలి. ఈ మాట సుజాత మొదటి రోజే జ్యోతితో చెప్పి ఉంచింది.

మర్నాడే ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు గారు కడుపు పరీక్ష, రక్త పరీక్ష రాశారు. కడుపు కాదు. రిస్పెరిడోన్ లాంటి మాత్రలతో కొంతమంది ఆడపిల్లలకి నెలసరి ఆగుతుందని, చన్నుల్లో పాలు కూడా రావచ్చని ఆయన చెప్పారు. మాత్ర మార్చారు. ఇంకా కొన్ని మాత్రలకి ఒళ్ళు వస్తుంది. కొన్నిటికి చేతులు వణుకుతాయి, కాళ్ళు ఒకచోట నిలవవు, పగలంతా మత్తుగా ఉంటుంది. ఇవేవీ పిల్ల బద్ధకం కాదు. డాక్టరుకి చెప్తే దాదాపు అన్నిటికీ ఏదో ఒక ఉపాయం ఉంటుంది. పెళ్ళయిన ఆడవాళ్ళు కడుపు కావాలనుకుంటే ముందే చెప్పాలి. మధ్యలో తెలిసినా సొంతంగా ఆపకుండా చెప్పాలి.

తిరిగొచ్చే బస్సులో రాములమ్మ "నాకు చెప్పొచ్చు గదే" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

సుజాత చెయ్యని పనులు కొన్ని ఉన్నాయి. మాత్ర ఎక్కువ తక్కువ చెయ్యదు. డాక్టరు తప్పు చెప్పాడనదు. "నేను బాగయ్యాను కాబట్టి నువ్వూ బాగవుతావు" అని ఒట్టు వెయ్యదు. ఒక్కొక్కరి జబ్బు ఒక్కో తీరు. తన ఆరోగ్యం కూడా చూసుకుంటుంది. ఆమెకీ నెలనెలా డాక్టరు చూపు ఉంది. ఇతరుల బాధ వినీ వినీ ఆమెకే నిద్ర తగ్గితే, చెప్పుకోడానికి ఆసుపత్రిలో ఒక పెద్ద నర్సు ఉంది. ఈ పనికి జీతం ఉండాలి, బస్సు ఛార్జీ ఉండాలి. ఆడవాళ్ళ పనికి సేవ అని పేరు పెట్టి డబ్బు ఎగ్గొట్టడం మనకి కొత్తేం కాదు. సుజాత మొదటి నెలలోనే అడిగి తీసుకుంది.

తల్లులకీ తోడు కావాలి. రాములమ్మ ఏడాదిగా ఎవరింటికీ పేరంటానికి పోలేదు. సుజాత ఆమెని ఆసుపత్రిలో మరో ఇద్దరు తల్లులతో కలిపింది. ముగ్గురూ మందుల లైనులో కూర్చుని మాట్లాడుకుంటారు. మన ఇళ్ళల్లో వదిలెయ్యని తల్లి చాలా పెద్ద బలం. చెన్నైలో స్కార్ఫ్ అనే సంస్థ ఉంది. 1984లో శారదా మీనన్ అనే డాక్టరమ్మ మొదలుపెట్టారు. ఆ సంస్థలో కొత్తగా జబ్బు పడ్డవాళ్ళని, కెనడాలో మాంట్రియల్ నగరంలో వైద్యం పొందేవాళ్ళతో రెండేళ్ళు పోల్చి చూశారు. చెన్నైలో ఇంటివాళ్ళ ఆసరా ఎక్కువగా కనపడింది. మనిషి మూగబోయి, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉండే లక్షణాలు చెన్నైవాళ్ళలో మెరుగ్గా తగ్గాయి. డబ్బున్న దేశం కంటే మెరుగ్గా.

దగ్గర్లో ఆసుపత్రి లేకపోతే ఫోను ఉంది. 14416. టెలి మానస్ అంటారు. 2022లో మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది. డబ్బు తీసుకోరు. తెలుగులో మాట్లాడొచ్చు. ఈ అంకెలు గోడ మీద రాసిపెట్టుకోండి.

పెళ్ళి మాట

మాఘ మాసంలో మేనమామ ఒక సంబంధం తెచ్చాడు. అద్దంకి వైపు. పిల్లాడికి ట్రాక్టరు ఉంది. "జబ్బు సంగతి ఎత్తొద్దు. తగ్గిపోయింది గదా" అన్నాడు.

రాములమ్మ మనసు లాగింది. ఏ తల్లికి లాగదు? సుజాత వచ్చినప్పుడు అడిగింది. "ఏం చెయ్యమంటావ్ అమ్మాయ్?"

సుజాత వెంటనే చెప్పలేదు. చేతిలో పూలదండ పక్కన పెట్టింది.

"చెయ్యమనీ వద్దనీ నేను చెప్పను పిన్నీ. అది జ్యోతిని అడుగు. నా సంగతి చెప్తా విను. నాకు దాచిపెట్టి చేశారు. మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకునేదాన్ని. అందరూ పడుకున్నాక మింగాల. ఒకరోజు మా అత్త చూసింది. ఏం మందులే ఇవి, పిల్లలు పుట్టకుండానా అంది. భయంతో మొత్తం మానేశా. నాలుగు నెలలకి మళ్ళీ ఆసుపత్రిలో పడ్డా. ఆ ఇంటికి మళ్ళీ పోలేదు."

రాములమ్మ జ్యోతిని అడిగింది. "చెప్పండి. చెప్పినాక వస్తే రమ్మను" అంది జ్యోతి.

చెప్పారు. అద్దంకి వాళ్ళు మళ్ళీ రాలేదు. మేనమామ నెల రోజులు మాట్లాడలేదు. ఆ రాత్రి రాములమ్మ ఏడ్చింది. పక్క మంచంలో జ్యోతి మేలుకునే ఉంది. లేచి వచ్చి అమ్మ పక్కన పడుకుంది.

జూన్ నెలలో జ్యోతి మళ్ళీ కాలేజీకి బయల్దేరింది. ఒక ఏడాది పోయింది. తోటి పిల్లలు ఒక తరగతి ముందున్నారు. హాస్టల్లో ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పక్కర్లేదు అని సుజాతతో కూర్చుని రెండు పేర్లు అనుకుంది. వార్డెన్ ఒకరు, గదిలో పిల్ల ఒకరు. నిద్ర తగ్గినా, అన్నం మీద అనుమానం వచ్చినా ముందు ఎవరికి ఫోను చెయ్యాలో కాగితం మీద రాసుకుంది. ముసలామె గొంతు ఇంకా పోలేదు. పరీక్షల మాట వస్తే వినపడుతుంది.

"తిడితే ఏం చేస్తావ్?" అంది సుజాత బస్టాండులో.

"తిట్టుకోమంటా. నాకు చదువుకునేది ఉందంటా."

బస్సు వచ్చింది. రాములమ్మ సంచి అందించింది. మాత్రల డబ్బా బట్టల కింద లేదు. సంచిలో పైనే ఉంది.